నాలుగు సంస్కృతులు, ఒకే కాన్వాస్: కలగూరగంప కాకుండా బొమ్మ వెయ్యడం ఎలా

హొకుసాయ్ వేసిన ఆ పెద్ద అల బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు, 1831 ప్రాంతంలోది, జపాన్ బొమ్మలు అనగానే మొదట గుర్తొచ్చేది అదే. కానీ అందులో ఉన్న నీలం జపాన్‌ది కాదు. దాని పేరు ప్రష్యన్ బ్లూ, 1700ల మొదట్లో బెర్లిన్‌లో ఒకాయన ఎర్రరంగు చెయ్యబోతే అనుకోకుండా పుట్టింది, అది ఓడలెక్కి జపాన్ చేరింది, అక్కడి చెక్క అచ్చుల బొమ్మల్లో కలిసిపోయింది, ఆ బొమ్మలు మళ్ళీ యూరప్ వచ్చాయి, 1887లో పారిస్‌లో కూర్చుని వాన్ గో, హిరోషిగే అనే జపాన్ చిత్రకారుడి బొమ్మలు రెండింటిని చూసి ఆయిల్ రంగుల్లో వేసుకున్నాడు. ఇప్పుడు ఆ నీలం ఎవరిది అంటే ఏం చెప్తాం?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రకరకాల సంస్కృతుల్ని కలిపి రంగురంగులగా, చూడగానే మనసు తేలికయ్యేలా బొమ్మలు వెయ్యాలని చాలామందికి ఉంటుంది, మొదలుపెట్టేటప్పుడు మాత్రం అసలిలా కలపొచ్చా అనే అనుమానం ఒకటి వచ్చేస్తుంది. కలపొచ్చు. బొమ్మల చరిత్ర సగం ఆ కలయికలే. ఎలా కలపాలి అన్నదే అసలు విషయం, నేను దాన్ని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను కాబట్టి మీకు ఆ టైమ్ కలిసొస్తుందని రాస్తున్నాను.

నా మొదటి ప్రయత్నంలో ఒక పెద్ద కాన్వాస్ మీద ఆఫ్రికన్ మాస్క్ ఒకటి, అరబ్ నక్షత్రాల డిజైన్ ఒకటి, జపాన్ అల ఒకటి, మెక్సికోలో పండగలకి కట్టే కాగితం తోరణాలు, అన్నీ పెట్టేశాను. నెలన్నర కష్టపడ్డాను. విడివిడిగా ప్రతీదీ నీట్‌గానే వచ్చింది, బొమ్మ మాత్రం రాలేదు. కళ్ళు ఒక దాన్నుంచి ఇంకోదానికి గెంతుతున్నాయి తప్ప ఎక్కడా నిలబడట్లేదు. అతుకుల బొంత కూడా కాదు, బొంతకైనా కుట్టు ఉంటుంది కదా, దీనికి అదీ లేదు.

తర్వాత అర్థమైంది ఏంటంటే, నేను తీసుకున్నవన్నీ వస్తువులు. మాస్క్ ఒక వస్తువు, అల ఒక వస్తువు. ఒక సంస్కృతి నుంచి తీసుకోవాల్సింది బొమ్మలోని వస్తువుని కాదు, ఆ బొమ్మని కట్టిన పద్ధతిని. చోటుని ఎలా వాడారు, గీత ఎలా నడిచింది, రంగు పక్కన ఏ రంగు పెట్టారు, అంచు దగ్గర ఏం చేశారు, ఇవన్నమాట. పద్ధతులు ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి, వస్తువులు పక్కపక్కన కూర్చుంటాయి అంతే.

చిత్రకారుడు పాల్ క్లీ దీనికి మంచి ఉదాహరణ. 1914 ఏప్రిల్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ట్యునీషియా వెళ్ళాడు, ఉన్నది రెండు వారాల లోపే. అక్కడ వేసిన వాటర్ కలర్స్‌లో మసీదు గుమ్మటాలూ ఒంటెలూ అక్కడక్కడా ఉన్నాయి గానీ ఆయనకి అక్కడ దొరికిన అసలు విషయం అవి కాదు, తెల్లటి గోడలూ ఎండా కలిసి ఊరంతా రంగు గళ్ళుగా కనబడటం. ఆ గళ్ళు ఆయన్ని తర్వాత పాతికేళ్ళూ వదల్లేదు, ట్యునీషియాతో ఏ సంబంధం లేని బొమ్మల్లో కూడా ఉంటాయి.

ముందు మీ విషయం మీది కావాలి

ఏ సంస్కృతులు కలపాలి అనేదానితో మొదలెట్టకండి, ఏం చెప్పాలి అనేదానితో మొదలెట్టండి. మీరు రోజూ చూసేది, మీకు నిజంగా ఇష్టమైనది ఒకటి. నేను ఈ గైడ్ మొత్తానికీ ఒకే ఉదాహరణ పెట్టుకుంటాను, డాబా మీద మా అమ్మ మొక్కలకి నీళ్ళు పోస్తున్న బొమ్మ. "ప్రపంచ ఐక్యత", "శాంతి" లాంటి పెద్ద టాపిక్స్ పెట్టుకుంటే చెయ్యి దానంతటదే పావురాల వైపూ భూగోళం వైపూ వెళ్ళిపోతుంది, అలాంటివి వేల బొమ్మలు ఉన్నాయి, మీది ఒకటి ఎక్కువవుతుంది అంతే.

సంస్కృతులు మూడుకి మించొద్దు. టైటిల్‌లో నాలుగు అన్నాను కదా, నాలుగోది మీరే, మీ సొంత చేతి అలవాటు. మిగతా మూడూ ఎందుకు ఎంచుకున్నారో ఒక్కో వాక్యంలో చెప్పగలగాలి. "కలర్‌ఫుల్‌గా ఉంది" అనేది కారణం కాదు, కలర్‌ఫుల్‌గా లేని సంప్రదాయం వెతికినా కష్టమే. నా బొమ్మకి నేను అనుకున్నవి ఇవి: డాబాని పైనుంచీ, అమ్మని పక్కనుంచీ ఒకేసారి చూపించాలి, అది పర్షియన్ మినియేచర్లలో, అంటే పాత ఇరాన్ పుస్తకాల్లో వేసిన చిన్న బొమ్మల్లో ఉంది. కుండీలు వరసలుగా లయగా రావాలి, అది ఘానాలో నేసే కెంటే బట్టలో ఉంది. ఆకులు మన మొహం మీదికొచ్చినట్టు దగ్గరగా ఉండాలి, అది జపాన్ అచ్చు బొమ్మల్లో ఉంది. చూడండి, మూడూ బొమ్మ అవసరం నుంచి వచ్చాయి.

పద్ధతిని పట్టుకోవడం

దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి, నిజం చెప్పాలంటే మొత్తం పనిలో సగం ఇదే. ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక్కో సంప్రదాయానికి కనీసం ఇరవై మంచి బొమ్మలు చూడండి, మ్యూజియంల సైట్లలో పెద్ద సైజులో దొరుకుతాయి, ఫోన్‌లో చిన్నగా చూస్తే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలీదు. చూస్తూ పెన్సిల్‌తో కాపీ చెయ్యండి, కానీ కింద మాటల్లో ఒక రూల్ రాయండి. బొమ్మలో ఉన్న వస్తువు పేరు ఆ రూల్‌లో రాకూడదు, ఇదే పరీక్ష.

పర్షియన్ మినియేచర్ కింద నేను రాసుకున్నది: నేల నిలువుగా లేచి నిలబడుతుంది, దూరంగా ఉన్నది చిన్నగా అవ్వదు, పైకి జరుగుతుంది, ప్రతీ వస్తువూ దానికి బాగా నప్పే వైపు నుంచి కనబడుతుంది, ఒక్కోసారి చెట్టు కొమ్మో, జెండా కొసో చట్రం దాటి మార్జిన్‌లోకి వచ్చేస్తుంది. ఈ చివరిది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను, చట్రం దాటిన ఆ ఒక్క కొమ్మ వల్ల బొమ్మలో ఊపిరి వచ్చేస్తుంది.

కెంటే ఎలా పుడుతుందంటే, అసాంతే, ఎవె జాతుల నేతగాళ్ళు మగ్గం మీద దాదాపు 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు పొడుగ్గా నేసి తర్వాత వాటిని పక్కపక్కన పెట్టి కుడతారు. ఒక పట్టీలో నిండు డిజైన్ ఉన్నచోట పక్క పట్టీలో చారలు వస్తాయి, చదరంగం బల్లలాగా. రూల్: నిండుగా ఉన్నదాని పక్కన ఖాళీగా ఉన్నది, మళ్ళీ నిండుగా. పట్టీల మధ్య అతుకు కొంచెం తప్పినా ఫర్వాలేదు, ఆ తప్పడంలోనే తాళం వినబడుతుంది. కెంటే డిజైన్లకి విడివిడిగా పేర్లూ అర్థాలూ ఉంటాయి, కాబట్టి డిజైన్‌ని ఎత్తకుండా ఈ నిండు-ఖాళీ లయని మాత్రమే తీసుకున్నాను.

జపాన్ అచ్చు బొమ్మల్లో రూల్: ముఖ్యమైనదాన్ని అంచు దగ్గర కోసెయ్, దగ్గరున్నదాన్ని భయం లేకుండా పెద్దది చెయ్, మిగతా చోటు ఖాళీగా వదిలెయ్. వాన్ గో కాపీ చేసిన ఆ ప్లమ్ తోట బొమ్మలో చెట్టు మాను సగం బొమ్మని అడ్డంగా కోసేస్తుంది, వెనకాల మనుషులు చీమల్లా ఉంటారు.

జామెట్రీ ఇష్టమైనవాళ్ళకి ఇస్లామిక్ డిజైన్ చాలా నేర్పిస్తుంది, దానికి కంపాస్, స్కేలు చాలు. ఒక వృత్తం గీసి, కంపాస్ అదే కొలతతో ఉంచి చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరు గుర్తులు వస్తాయి, ఒకటి వదిలి ఒకటి కలిపితే రెండు త్రిభుజాలూ, ఆరు కోణాల నక్షత్రమూ వస్తాయి. ప్రతి గుర్తు దగ్గరా మళ్ళీ అదే వృత్తం గీసుకుంటూ పోతే కాగితం నిండిపోతుంది. కానీ అసలు పాఠం అంచు దగ్గర ఉంది, అక్కడ డిజైన్ పూర్తవ్వదు, మధ్యలో కోసినట్టు ఆగుతుంది, అందుకే గోడ అయిపోయినా డిజైన్ ఇంకా వెళ్తూనే ఉందనిపిస్తుంది.

మూడు రూల్స్ దొరికాక ఒకదాన్ని పెద్దన్న చెయ్యండి. చోటుని ఎవరు నడిపిస్తారో వాళ్ళే పెద్దన్న, మిగతా ఇద్దరూ ఆ చోటులో ఉండాలి. నా బొమ్మలో పర్షియన్ పద్ధతి పెద్దది, కెంటే లయ కుండీల వరకే, జపాన్ అంచు కోత కుడివైపు కింది మూలలో పెద్ద ఆకు వరకే. ముగ్గురికీ సమానంగా వాటా ఇస్తే న్యాయంగా అనిపిస్తుంది గానీ చూడ్డానికి మూడు బొమ్మలవుతాయి. ఇంకో దారి ఏంటంటే కలిపే పని మెటీరియల్‌కి అప్పగించడం. అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1972లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో టిబెట్ థంకాలు, అంటే బట్ట మీద వేసే బౌద్ధ దేవతల బొమ్మలు చూసింది, అవి బట్ట అంచులతో చుట్టి ఉంటాయి కదా, అక్కణ్నుంచి తన బొమ్మలకి చెక్క ఫ్రేమ్ మానేసి బట్ట అంచులు పెట్టింది, తర్వాత అమెరికన్ నల్లజాతి ఆడవాళ్ళ బొంతల సంప్రదాయం తోడై అవే ఆమె కథల బొంతలయ్యాయి. 1988లో చేసిన టార్ బీచ్ చూడండి, మేడ మీద పెద్దవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఒక చిన్నపిల్ల సిటీ మీద ఎగిరిపోతూ ఉంటుంది. టిబెట్ దేవుడి బొమ్మ ఒక్కటీ లేదు అందులో, టిబెట్ నుంచి వచ్చింది మాత్రం ఉంది.

రంగులు, ఇంకా ఆ సంతోషం ఎక్కణ్నుంచి వస్తుంది

సంతోషంగా ఉండాలంటే అన్నీ బ్రైట్ రంగులు వెయ్యాలని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అన్నీ గట్టిగా అరుస్తుంటే ఎవరి మాటా వినబడదు, రంగులూ అంతే. వెలుగు కనబడాలంటే చీకటి కావాలి. 1839లో షెవ్రల్ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన గోబెలాఁ నేత కార్ఖానాలో రంగుల అద్దకం చూసుకునేవాడు, నల్లదారం వెలవెలబోతోందని కంప్లయింట్లు వస్తే పరీక్ష చేసి చూశాడు, తప్పు దారంలో లేదు, పక్కనే ఉన్న నీలం, ఊదా దారాల్లో ఉంది. ఏ రంగైనా పక్క రంగుని బట్టే కనబడుతుంది. మీ పసుపు చచ్చుగా ఉంటే ఇంకా పసుపు కలపకండి, పక్కన కొంచెం మసక ఊదా వేసి చూడండి.

అందుకే రంగు ముట్టుకునే ముందు అగ్గిపెట్టె సైజులో ఆరేడు స్కెచ్‌లు వెయ్యండి, నలుపు, బూడిద, తెలుపు మూడే టోన్లతో. ఇక్కడ బాగుంటే రంగుల్లో చెడిపోవడం కష్టం, ఇక్కడ బాలేకపోతే ఎన్ని రంగులు పోసినా నిలబడదు. వేస్తున్నప్పుడు కూడా మధ్యమధ్యలో ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూసుకోండి, అంతా ఒకే బూడిద అయిపోయిందంటే మీరు రంగులతో మోసపోతున్నారని అర్థం.

ట్యూబులు తక్కువ పెట్టుకోండి. అక్రిలిక్ అయితే క్వినాక్రిడోన్ మజెంటా, థాలో బ్లూ, లెమన్ యెల్లో, టైటానియం వైట్, బర్న్ట్ అంబర్, ఈ ఐదు చాలు. మూడు దేశాల రంగులకి మూడు సెట్లు కొంటే బొమ్మ మళ్ళీ ముక్కలవుతుంది, అదే ఐదు ట్యూబుల్లోంచి అన్నీ పుడితే రంగులన్నీ ఒకే ఇంటివాళ్ళలా కలిసుంటాయి, కలయిక సగం ఇక్కడే జరిగిపోతుంది. థాలో బ్లూతో జాగ్రత్త, బఠాణీ గింజంత వేసినా గిన్నెడు తెలుపుని మింగేస్తుంది, కాబట్టి తెలుపులోకి నీలాన్ని చుక్కచుక్కగా కలపండి. నలుపు ట్యూబు వద్దు, థాలో బ్లూ, అంబర్ కలిపితే చిక్కటి చీకటి వస్తుంది, అందులో ప్రాణం ఉంటుంది. ట్యూబు మీద హ్యూ అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు వేరేది వాడి ఆ రంగు తెప్పించారని. లైట్‌ఫాస్ట్‌నెస్, అంటే వెలుతురుకి రంగు ఎంత నిలబడుతుందో చెప్పే అంకె, ASTM లెక్కలో 1 గానీ 2 గానీ ఉన్నవే కొనండి, ఫ్లోరసెంట్ రంగులు షాపులో కళ్ళు జిగేల్మనిపిస్తాయి గానీ వెలుతురుకి తొందరగా వెలిసిపోతాయి.

వాటాలు నా అలవాటు ప్రకారం చెప్తాను: పదింట ఆరు వంతులు నెమ్మది రంగులు, మూడు వంతులు మధ్యరకం, ఒక్క వంతు మాత్రం పూర్తి బ్రైట్. మొక్కల బొమ్మలో డాబా నేల లేత ఇసుక గులాబీ, కుండీలు టర్కాయిస్, మట్టి నారింజ, ముదురు నీలం పట్టీలు, నిండు మజెంటా అమ్మ బట్టల్లో మాత్రమే, నీళ్ళ ధార దగ్గర స్వచ్ఛమైన తెలుపు. చూసినవాళ్ళందరి కళ్ళూ ముందు ఆ ధార దగ్గరికే వెళ్తాయి.

ఇంకో సంగతి, రంగుకి ప్రతిచోటా ఒకే అర్థం ఉండదు. చైనాలో ఎరుపు పెళ్ళి రంగు, తెలుపు చావుకి సంబంధించింది, యూరప్‌లో తెలుపే పెళ్ళి గౌను. భయపడి మానెయ్యక్కర్లేదు, తెలిసి వాడితే చాలు.

సంతోషం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ అయింది, తర్వాత ఎక్కువకాలం మంచంలోనో చక్రాల కుర్చీలోనో గడిపాడు, బయట యుద్ధం నడుస్తోంది, డెబ్భై దాటిన వయసు. గ్వాష్ రంగులేసిన కాగితాల్ని కత్తెరతో కోసి చేసిన ఆ బొమ్మల్లో ఎక్కువ ఆ ఆపరేషన్ తర్వాతవే, వాటిలో ఉన్నంత ఆనందం ఆయన కుర్రతనంలో వేసినవాటిలో కూడా నాకు కనబడదు. నవ్వుతున్న మొహాలు వేస్తే ఆశ రాదు. మనుషులు ఏదో ఒక పని చేస్తూ ఉండాలి, గీతలు పైకి లేవాలి, పైన ఎక్కడో కొంచెం ఖాళీ ఉండాలి, చీకటి కూడా ఉండాలి కానీ అది వెలుగుని మొయ్యాలి. మా అమ్మ మొహం ఆ బొమ్మలో కనబడదు కూడా, వంగి ఉంటుంది.

వెయ్యడం

జెస్సో (కాన్వాస్‌ని రంగుకి సిద్ధం చేసే తెల్లటి పూత) రెండు పూతలు వేసి ఆరాక, తెల్లటి కాన్వాస్ మీద నేరుగా మొదలెట్టకుండా పల్చటి నారింజో గులాబీయో ఒక పొర పుయ్యండి. తర్వాత రంగుల మధ్య సందుల్లోంచి అది అక్కడక్కడా కనబడి అన్నిటినీ దగ్గర చేస్తుంది, బొమ్మ అంతా వెచ్చగా అనిపిస్తుంది. ముందు పెద్ద ఆకారాలు చదునుగా నింపండి, చిన్న డిజైన్లు అన్నిటికన్నా చివర, చాలామంది డిజైన్ మీద ప్రేమతో ముందు దాన్నే మొదలెడతారు, తర్వాత దాన్ని చెరపలేక బొమ్మంతా దాని చుట్టూ సర్దుకుంటూ ఉంటారు. అక్రిలిక్ ఆరాక ఒక ఛాయ ముదురవుతుంది, పాలెట్ మీద కొంచెం లేతగానే కలపండి. అక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వెయ్యకూడదు, ఊడిపోతుంది.

డిజైన్ అంచులు కత్తితో కోసినట్టు రావాలంటే బ్రెజిల్ చిత్రకారిణి బియాట్రిజ్ మిల్యాజెస్ చేసే పని చూడండి. ఆవిడ రంగుని ప్లాస్టిక్ షీట్ మీద వేసి, ఆరాక దాన్ని కాన్వాస్‌కి అంటించి షీట్ లాగేస్తుంది. మనం కూడా చెయ్యొచ్చు: మందపాటి ప్లాస్టిక్ షీట్ మీద అక్రిలిక్‌తో డిజైన్ వెయ్యండి, పైన కనబడాల్సింది ముందు వెయ్యాలి ఎందుకంటే తిరగబడుతుంది కదా, రెండు మూడు పొరలేసి పూర్తిగా ఆరనివ్వండి, కాన్వాస్ మీద జెల్ మీడియం (అక్రిలిక్‌తో వాడే జిగురులాంటిది) రాసి అంటించి, చేత్తో బాగా అదిమి, ఒక రాత్రి ఉంచి మెల్లగా షీట్ లాగండి. అక్కడక్కడా చిరుగుతుంది, ఉండనివ్వండి, పాత గోడ మీది రంగులా ఉంటుంది. నా కుండీల పట్టీలు అన్నీ ఇలాగే వేశాను, ఏ పట్టీ ఎక్కడ అన్నది అంటించే ముందు జరుపుకుంటూ చూసుకోవచ్చు, అది పెద్ద సుఖం.

ముట్టుకోకూడనివి

కొన్ని బొమ్మలు అందరికీ కాదు. ఆస్ట్రేలియా మూలవాసుల వాండ్జినా రూపాలు అక్కడ కింబర్లీ ప్రాంతంలో కొన్ని జాతులకి మాత్రమే చెందినవి, వేరేవాళ్ళు వేస్తే వాళ్ళకి నిజంగా బాధ. 1971లో ఆస్ట్రేలియాలోనే పాపున్యా అనే మూలవాసుల ఊళ్ళో మొదలైన పెయింటింగ్స్‌లో కూడా మొదట్లో బయటివాళ్ళు చూడకూడని గుర్తులు కొన్ని వచ్చేశాయని గొడవైంది, తర్వాత చుక్కలతో వాటిని కప్పడం పెరిగింది. అంటే మనం అందంగా ఉన్నాయనుకునే చుక్కలకి కొంతవరకు దాచే పని కూడా ఉందన్నమాట. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ముఖం మీది పచ్చబొట్టు వాళ్ళ వంశవృక్షంతో ముడిపడి ఉంటుంది, దాన్ని అలంకారంగా వాడకండి. మీకు చదవడం రాని లిపి కూడా పెట్టకండి, వాన్ గో ఆ కాపీల అంచుల్లో వేరే అచ్చుల్లోంచి అక్షరాలు తెచ్చి అలంకారంగా పేర్చాడు, చదవగలిగినవాళ్ళకి ఆ అంచు అలంకారంలా కనబడదు.

బతికున్న ఆర్టిస్ట్ డిజైన్ అసలు ఎత్తొద్దు. ఎస్తర్ మహ్లాంగు చిన్నప్పుడు అమ్మా అమ్మమ్మల దగ్గర దక్షిణాఫ్రికా న్డెబెలె జాతి ఇళ్ళ గోడల మీద రంగులెయ్యడం నేర్చుకుంది, కోడి ఈకని కుంచెగా వాడుతుంది, 1991లో అదే పద్ధతిలో బీఎండబ్ల్యూ కారు మీద వేసింది. సంప్రదాయం ఇంకోచోటికి వెళ్ళడమంటే అది, వెళ్ళింది సంప్రదాయంలో పెరిగిన మనిషే. మనం ఆవిడ గీతల్ని కాపీ కొట్టడం వేరు, నల్లటి లావు గీత పక్కన చదును రంగు ఎంత గట్టిగా నిలబడుతుందో ఆవిడ దగ్గర నేర్చుకోవడం వేరు.

అయిపోయాక

అయిపోయిందనుకున్నాక వారం రోజులు గోడకి ఆనించి పెట్టి పొద్దున వెలుతురులో, రాత్రి లైటు కింద చూడండి, తలకిందులుగా పెట్టి కూడా చూడండి. సరిచెయ్యాల్సినవి అప్పుడే బయటపడతాయి. ఆ తర్వాత మెరుపుగా ఆరే సాఫ్ట్ జెల్ మీడియం రెండు వంతులు, నీళ్ళు ఒక వంతు కలిపి ఒక పల్చటి పూత, అది బాగా ఆరాక పైన వార్నిష్. ఆ పూత మధ్యలో ఉంటే ఎప్పుడైనా వార్నిష్ తీసి మళ్ళీ వెయ్యాల్సొచ్చినా రంగుకి దెబ్బ తగలదు.

చివరగా కాన్వాస్ వెనక పేరు, సంవత్సరం, వాడిన రంగులతో పాటు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో కూడా రాయండి. నా మొక్కల బొమ్మ వెనక ఇలా ఉంది: "డాబా నేల పర్షియన్ మినియేచర్ల నుంచి, కుండీల వరస అసాంతే నేతగాళ్ళ నుంచి, పెద్ద ఆకు హిరోషిగే నుంచి, నీళ్ళు పోసే పద్ధతి అమ్మ నుంచి."